లీటరుకి పావు గ్రాము

రెండేళ్ళ కిందటి వరకు మా ఇంట్లో తెల్లవారుజామున నాలుగున్నరకే పొయ్యి వెలిగేది. రెండు క్యారియర్లు సర్దాలి. నాలుగు గిన్నెలది మా ఆయన అంకయ్యకి. ఎండ ముదరకముందే చేలల్లో మందు కొట్టడానికి పోయేవాడు. రెండు గిన్నెలది మా అమ్మాయి ఆరాధనకి. ఒంగోలు కాలేజీ బస్సు ఏడింటికల్లా వచ్చేది. ఆయనకి పచ్చడి లేందే ముద్ద దిగదు, పిల్లకి అసలు పచ్చడే వద్దు. కరెంటు పోయినా సరే, ఏ గిన్నెలో ఏది పెట్టాలో నా చేతులకి తెలిసేది.

ఆరాధన డెంగీ జ్వరంతో పోయింది. ఇరవై నిండలేదు. ఆ తర్వాత ఆరు దాటినా నాకు పొయ్యి దగ్గరికి వెళ్ళబుద్ధి అయ్యేది కాదు. వెలిగించినా ఎవరికోసం? ఆయన మంచం దిగడు.

మా ఆయన గురించి కాస్త చెప్పాలి. దర్శి చుట్టుపక్కల మిరప, పత్తి వేసే రైతులకి ఆయన బాగా తెలుసు. మందు కొట్టేవాళ్ళు ఊరికి పదిమంది ఉంటారు, సరిగ్గా కలిపేవాళ్ళు తక్కువ. డబ్బా మీద రాసింది ఆయన చదవలేడు. ఆకు తిప్పి చూస్తాడు, వేలు ముంచి నీళ్ళ రంగు చూస్తాడు, "ట్యాంకుకి ఇంత" అంటాడు. రైతు ఎదురు చెప్పడు. కొలత అయిపోయాక పైన ఒక కొసరు మూత పోసేవాడు. కూరగాయలామె తూకం అయ్యాక రెండు వంకాయలు పడేస్తుందే, అలాగ. ఆ కొసరు పడితేగాని రైతుకి తృప్తి ఉండదు. ఆయనకీ ఉండదు.

అలాంటి మనిషి పిల్ల పోయాక పంపు భుజానికెత్తలేదు. రైతులు వచ్చి పిలిచేవారు. "నా చెయ్యి పోయింది, ఇంకెవర్నన్నా చూసుకోండి" అని అటు తిరిగి పడుకునేవాడు. పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసేవారు. ఆమెన్ మాత్రం గట్టిగా చెప్పేవాడు, లేచేవాడు కాదు.

ఈ ఏడాది జనవరి మొదట్లో మా గుమ్మం ముందు ఆటో ఆగింది. బాలత్రిపురసుందరి గారు దిగారు. దర్శి హైస్కూల్లో ఆరాధనకి తెలుగు చెప్పిన టీచరమ్మ. రిటైరై నాలుగేళ్ళయింది. మోకాలు పట్టుకుని కుంటుకుంటూ లోపలికి వచ్చి, మంచం దగ్గర నిలబడి అడిగారు.

"ఏం అంకయ్యా, మంచం కోళ్ళకి వేళ్ళొచ్చాయా?"

ఆయన గబుక్కున లేచి కూర్చున్నాడు. "అబ్బే, లేదండీ టీచరమ్మగారూ."

"నా మోకాలు అరిగిపోయింది. రేపే ఒంగోల్లో ఆపరేషను. తర్వాత మా చెల్లెలింట్లో రెండు నెలలుండాలి. డాబా మీద ముప్ఫై రెండు ఆర్కిడ్ మొక్కలున్నాయి. ఎవరికి అప్పజెప్పను చెప్పు?"

"ఆర్కిడ్డా? అదేందమ్మా?"

"పెళ్ళిళ్ళలో స్టేజీ మీద ఊదారంగు పూలు పెడతారు చూడు. వారమైనా వాడవు."

"అయ్యి ప్లాస్టిక్ పూలు గదండీ!"

టీచరమ్మ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. మా ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో, మళ్ళీ నేనే సిగ్గుపడి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

"నాకు మిరప తెలుసు, పత్తి తెలుసు. ఇయ్యి తెలవదండీ. పైగా నా చెయ్యి..."

"నీ చేతికేం కాలేదు. తాళంచెవి రెబ్కాకి ఇస్తున్నాను. ఎట్లా చెయ్యాలో కాగితం మీద రాసి గోడకి అంటించాను" అని తాళంచెవి నా చేతిలో పెట్టి, ఆయన జవాబు కోసం చూడకుండా ఆటో ఎక్కేశారు.

ఆమె వెళ్ళాక నాకు ఒకటే అనిపించింది. ఈ మొక్కలు బతికితే ఈ మనిషి లేస్తాడు. చస్తే ఇంక లేవడు.

మర్నాడు శనివారం. టీవీఎస్ బండి మీద ఇద్దరం టీచరమ్మ ఇంటికి వెళ్ళాం. డాబా మీద పచ్చ నెట్టు కింద వరసగా కుండలు వేలాడదీసి ఉన్నాయి. ఆయన ఒక కుండలోకి తొంగి చూశాడు.

"మట్టేదే?"

నిజమే, మట్టి లేదు. బొగ్గులు, పెంకు ముక్కలు, కాస్త కొబ్బరి పీచు.

"బొగ్గుల్లో మొక్కజొన్న పొత్తు పెడతారు గాని మొక్కని పెడతారంటే? ఏం చదువులో ఏమో."

నేను అయిదు దాకా చదివాను. గోడ మీది కాగితం కూడబలుక్కుని చదివాను. "శనివారం మాత్రమే. లీటరు నీళ్ళకి మందు అర గ్రాము. చిన్న చెంచాకి సగం."

"అర గ్రామా? మళ్ళీ చదువు."

"అరేనయ్యా."

"చీమ తుమ్మితే ఎగిరిపోద్ది అది. టీచరమ్మ తొందర్లో రాసుంటది." ఆయన మందు పొట్లం తిప్పి చూశాడు. మిరపకి బలానికి పై నుంచి కొట్టే ఎరువు మందే, పొట్లం మీద మూడు పంతొమ్మిదులు ఉన్నది. "ఇది నాకు తెలవంది కాదు. లీటరుకి అయిదు గ్రాములు. ట్యాంకుకి వంద."

నీళ్ళకోసం మూలనున్న నీలం డ్రమ్ము మూత తీశాడు. సగానికి నీళ్ళున్నాయి. ఆ నీళ్ళ మీద సన్నటి పురుగులు మెలికలు తిరుగుతున్నాయి. దోమ పిల్లలు. ఆయన మొహం ఎలా మారిందో నేను చూశాను. డ్రమ్మును కాలితో తోసేశాడు. నీళ్ళన్నీ తూము గుండా పోయాయి. లోపల ఇటుక ముక్కతో రుద్దాడు, కడిగాడు, మళ్ళీ రుద్దాడు. ఎండలో బోర్లించాడు. ఆయన తొయ్యకపోతే నేనే తోసేదాన్ని.

తర్వాత బోరు కుళాయికి గొట్టం తగిలించి, బకెట్లో మందు కలిపి, పైన కొసరు చెంచా కూడా వేసి, ముప్ఫై రెండు కుండలకీ పోశాడు. దిగేటప్పుడు మెట్ల మీద సన్నగా ఏదో క్రైస్తవ కీర్తన కూనిరాగం తీశాడు.  పాడుతున్న మనిషిని ఆపడమెందుకని వెనకే మెల్లగా దిగాను.

ఈ మొక్కల వేళ్ళు కుండ దాటి గాలిలోకి వేలాడతాయి. మేము వెళ్ళిన రోజు ఆ వేళ్ళ కొసలు పెసర మొలకల్లా లేతపచ్చగా ఉన్నాయి. రెండో శనివారానికి ముదురు గోధుమరంగుకి తిరిగాయి. మూడో శనివారానికి ఆర్పేసిన వత్తుల్లా నల్లబడ్డాయి. అయిదు మొక్కలకి ఆకులు పండి రాలిపోయాయి. కుండల అంచుల మీద తెల్లగా పెచ్చు కట్టింది.

"బలం చాలలా" అన్నాడాయన. "ఇంకో రెండు చెంచాలు పట్టు."

నేను పొట్లం వెనక్కి లాక్కున్నాను. "వద్దయ్యా. కాగితంలో ఉన్నట్టే చేద్దాం."

"నీరసంగా ఉన్నదానికి తగ్గిచ్చి పెడతారంటే ఎవురన్నా? ఇటియ్యి!"

"ఇయ్యను."

"ఆ రోజు కూడా ఇంతే!" అని అరిచాడు. కింద రోడ్డు మీద పోయేవాళ్ళు తల ఎత్తి చూశారు. "చుక్క చుక్కగా ఎక్కిచ్చారు నా పిల్లకి. గట్టిగా పెట్టండయ్యా అని కాళ్ళు పట్టుకున్నా. పెట్టలా. చుక్క, చుక్క, చుక్క..."

రెండేళ్ళలో ఆ మాట ఆయన నోటి వెంట రావడం అదే మొదలు. ఆయన మెట్లు దిగి, టీవీఎస్ తీసుకుని వెళ్ళిపోయాడు. నేను పొట్లం పట్టుకుని అక్కడే నిలబడ్డాను. ఆస్పత్రి వరండాలో ఆరాధనకి వైద్యం చేసిన కుర్ర డాక్టరు నాతో ఒక మాట చెప్పాడు. డాక్టరు నాతో మాట్లాడడం ఆయన దూరం నుంచి చూశాడు గాని, ఆ మాటేంటో నేనెప్పుడూ చెప్పలేదు. అప్పుడు ఆయన వినే స్థితిలో లేడు. తర్వాత ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. నేను మొదట్నించీ మాటకారిని కాను.

మా ఆయన మళ్ళీ మంచమెక్కాడు.

నేను ఒక్కదాన్నే ఆటోలో వెళ్ళడం మొదలుపెట్టాను. పోయిన అయిదింటినీ తీసేశాను. మిగిలిన ఇరవై ఏడింటికీ గొట్టంతో బోరు నీళ్ళు పట్టి కడిగాను. వారం ఆగి, కాగితంలో ఉన్నట్టే అర గ్రాము కలిపి పోశాను. మూడు రోజులకి కొత్తగా వస్తున్న వేళ్ళ కొసలు మళ్ళీ మాడాయి. టీచరమ్మ చెప్పినట్టే చేసినా ఎందుకిలా అయిందో తెలియక ఏడుపొచ్చింది.

అప్పుడు పిట్ట గోడ మీద మూకుడు కనపడింది. పిచ్చుకల కోసం టీచరమ్మ పెట్టింది. రోజూ నేను గొట్టంతో నీళ్ళు నింపుతున్నాను. దాని అంచు మీద కూడా అదే తెల్ల పెచ్చు. దాంట్లో మందు ఎవరూ వెయ్యలేదు కదా!

నాకు ఉప్పుచేపల పులుసు గుర్తొచ్చింది. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఆ పులుసులో మామూలు కూరకి వేసినంత ఉప్పు వేశాను. మా అత్త ఒక ముద్ద తిని, కంచం పక్కన పెట్టి, "చేప తెచ్చుకున్న ఉప్పు లెక్కలోకి రాదా అమ్మాయ్?" అంది. ఇదీ అంతేనేమో. నీళ్ళు ముందే ఏదో తెచ్చుకుంటున్నాయి.

టీచరమ్మకి ఫోన్ చేశాను.  అయిదు మొక్కలు పోయిన సంగతి ముందే చెప్పేశాను. తర్వాత అడిగాను, "అమ్మా, మీరు వీటికి ఏ నీళ్ళు పోసేవారు?"

"వాన నీళ్ళే. ఆ నీలం డ్రమ్ములోవి. కాగితంలో రాయలేదూ?"

"రాయలేదమ్మా. ఆ నీళ్ళు ఆయన పారబోశాడు. పురుగులు ఆడుతుంటే..."

 "దోమ పిల్లలా?" అన్నారు మెల్లగా.

"అవునమ్మా."

"మంచి పని చేశాడు. నేను చూసుకోవాల్సింది." తర్వాత, "బోరు నీళ్ళు వాటికి పడవు రెబ్కా. వాన నీళ్ళు ఇప్పుడెక్కడ దొరుకుతాయి, మరి మంచినీళ్ళ ప్లాంటు బాజీని అడుగు" అన్నారు.

బాజీ మా వీధి చివర ఫిల్టరు నీళ్ళ ప్లాంటు నడుపుతాడు. నన్ను పిన్నీ అంటాడు. సంగతి చెప్పగానే పెన్నులాంటి చిన్న మీటరు తీశాడు. నేను సీసాలో తెచ్చిన బోరు నీళ్ళలో ముంచాడు. పధ్నాలుగు వందల అరవై. వాళ్ళ ప్లాంటు నీళ్ళలో ముంచాడు. అరవై అయిదు.

"ఏందిరా ఈ అంకెలు?"

"లీటరు నీళ్ళలో ఎన్ని ఉప్పులు కరిగున్నాయో చెప్పుద్ది పిన్నీ. మిల్లీగ్రాముల్లో. వెయ్యైతే ఒక గ్రాము."

ఇంటికొచ్చి మా ఆయన మంచం పక్కన కూర్చున్నాను. వేరే ఏ మాటా ఎత్తకుండా, "టీచరమ్మగారి బోరు నీళ్ళలో లీటరుకి పధ్నాలుగు వందల అరవై ఉందంట" అన్నాను.

"ఏంది?"

"కరిగిన ఉప్పులు. బాజీ పుల్లలాంటి మీటరు ముంచి చూశాడు. వెయ్యైతే గ్రాము."

చదువు రాకపోయినా నోటిలెక్కల్లో ఆయన్ని కొట్టేవాళ్ళు లేరు. కళ్ళు మూసుకునే అన్నాడు, "అంటే గ్రామున్నర. టీచరమ్మ చెప్పింది అర. మూడింతలు." కళ్ళు తెరిచాడు. "మందు కలపకముందే?"

"కలపకముందే."

"దాని మీద నేను అయిదు. పైన కొసరు." చాలాసేపు పైకప్పు వైపు చూశాడు. తర్వాత కాళ్ళు కింద పెట్టాడు. "ఆ పుల్ల యాడుంది?"

ప్లాంటు దగ్గర ఆయన ముందు వేలు ముంచబోయాడు. బాజీ చెయ్యి పట్టుకున్నాడు. "వేలికి అంకె పడదు బాబాయ్, ఇది ముంచు." ఆ సాయంత్రం వాళ్ళిద్దరూ ప్లాంటులో ఉన్న ప్రతి గ్లాసులోనూ ఆ మీటరు ముంచారు. బోరు నీళ్ళలో మిరప కొలత కలిపి చూస్తే అంకె ఆరు వేలు దాటింది.

"ఇది మందు కాదు బాబాయ్, ఆవకాయ" అన్నాడు బాజీ.

మా ఆయన నవ్వలేదు. "ఎన్నేళ్ళు కలిపానురా ఇట్టా" అన్నాడు.

ఫిల్టరు నీళ్ళలో అర గ్రాము కలిపితే అయిదు వందల చిల్లర వచ్చింది. నాలుగు లీటర్లకి ఒక చెంచా, అంటే లీటరుకి పావు గ్రాము కలిపితే మూడు వందల చిల్లరే. ఆయన ఆ మీటరు చేత్తో పట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. అంకెలు ఆయనకి తెలుసు. అక్షరాలు లేకుండా ఒక సంగతి తనంతట తానే చదువుకోగలగడం ఆయనకి బాగా నచ్చిందని నాకు అర్థమైంది.

ఆ శనివారం నేను అడక్కుండానే టీవీఎస్ తీశాడు. ముందు రెండు వారాలు మందు లేకుండా ఫిల్టరు నీళ్ళతో కుండలన్నీ కడిగాం. డ్రమ్ములో నీళ్ళు నింపి నా పాత నూలు చీర ముక్క రెండు మడతలు వేసి మూతికి కట్టాడు. దోమ కాదు, దాని నీడ కూడా దూరదు.

"ఇప్పుడు అర పోద్దామా, పావు పోద్దామా?" అని నేను అడిగితే నవ్వాడు.

"కొత్త మందొస్తే చేనంతా కొడతామంటే? ఒక సాలుకి కొట్టి చూస్తాం."

ఇరవై ఏడు కుండల్నీ తొమ్మిదేసి చొప్పున మూడు సాళ్ళు చేశాడు. ఒక్కోదాంట్లో బలమైనవీ నీరసమైనవీ కలిపి పెట్టాడు. మొదటి సాలు కుండలకి దారం కట్టలేదు, వాటికి ఉత్త నీళ్ళు. రెండో సాలుకి ఒక ముడి, పావు గ్రాము. మూడో సాలుకి రెండు ముళ్ళు, అర గ్రాము. రోజూ పొద్దున్నే వెళ్ళి, ముక్కు కుండకి తగిలేంత దగ్గరగా వంగి, వేళ్ళ కొసలు చూసేవాడు. ఆయనకి టిఫిన్ పెట్టాలంటే నేను పెందరాళే లేవాల్సి వచ్చింది. అయిదున్నరకి పొయ్యి వెలిగించడం అలా మళ్ళీ అలవాటైంది.

నాలుగు శనివారాలు గడిచాయి. టీచరమ్మ రెండు నెలలన్నది మూడయ్యేలా ఉంది. మార్చిలో ఒక రోజు ఆయన నన్ను పిలిచాడు.

"ఇటు చూడు. ఉత్త నీళ్ళవి బతికినయ్ గాని ఎదుగూ లేదు బొదుగూ లేదు. అర పోసిన వాటిల్లో బలమైనయ్ బాగున్నయ్, నీరసమైనయ్ మళ్ళీ మాడినయ్. ఇది చూడు."

పావు గ్రాము సాలు. అన్నిటికన్నా నీరసంగా ఉన్న మొక్క అందులోదే. దాని వేరు కొస వేలిగోరంత మేర పచ్చగా మెరుస్తోంది. మొక్క మొదలు దగ్గర గువ్వ ముక్కంత పిలక.

"నీరసమైనదానికే తక్కువ కావాల్సొచ్చింది" అన్నాడు. ఆ వేరు ముందు గొంతుక్కూర్చుని, ముట్టుకోకుండా, చాలాసేపు చూశాడు. తర్వాత నావైపు తిరక్కుండానే అడిగాడు.

"ఆ రోజు ఆ డాక్టరు వరండాలో నీతో ఏమన్నాడే?"

నా చేతిలో చెంబు ఉంది. దాన్ని కింద పెట్టాను.

"ఈ జ్వరంలో ఒంట్లోకి నీరు ఎక్కువ పోతే ఊపిరితిత్తుల్లో చేరుద్దంట. తక్కువైనా కష్టమేనంట. గంట గంటకీ కొలిచి ఎక్కిస్తున్నామమ్మా అన్నాడు. మీ ఆయనకి చెప్పండి అన్నాడు. నేను చెప్పలా."

"కొలిచే ఎక్కిచ్చారా?"

"కొలిచే. ఆ పిల్లోడు రాత్రంతా సీసా దగ్గరే నిలబడ్డాడు."

మా ఆయన తల ఊపాడు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని ఏడ్చాడు. పిల్లని పెట్టెలో పెట్టిననాడు కూడా అలా ఏడవలేదు. నేను పక్కన కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. ఎండ నెట్టు మీంచి జరిగి మా కాళ్ళ మీదికి వచ్చింది.

నెలాఖరులో టీచరమ్మ వచ్చారు. రెయిలింగు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కారు. ముందు ఖాళీ కుండల వైపే చూశారు.

"నేనే చంపానండీ అయిదింటిని" అన్నాడాయన.

"నేను మొదటి ఏడాది పదకొండు చంపాను. నా కన్నా నువ్వే నయం." కొత్త పిలకల్ని ఒక్కోటీ వంగి చూసి, గోడ మీది కాగితం పీకేశారు. సంచిలోంచి పెన్ను తీశారు. "ఏ నీళ్ళో రాయకపోవడం నా తప్పు. చెప్పు అంకయ్యా, ఎంత రాయమంటావు?"

టీచరమ్మ రాస్తుంటే మా ఆయన చెప్పాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెళ్ళికొడుకులా నిటారుగా నిలబడి చెప్పాడు. "ఫిల్టరు నీళ్ళు గాని వాన నీళ్ళు గాని. లీటరుకి పావు గ్రాము. మూడు వారాలు పొయ్యాలి, నాలుగో వారం ఉత్త నీళ్ళతో కడగాలి. బాగా ముదిరినయ్ అరకి ఆగుతయ్. డ్రమ్ముకి గుడ్డ కట్టాలి. అది పెద్దక్షరాలతో రాయండి."

"ఇంకేమైనా?"

"పోసేముందు మొక్కని చూడాలండీ."

"అది కూడా రాయాలా?"

"అది ముందు రాయాలి."

ఆ వారంలోనే శివరామకృష్ణ అని మూడెకరాల మిరప రైతు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఆఖరి కోతకి ఒకసారి మందు కొట్టాలట. మా ఆయన పంపు దుమ్ము దులిపాడు. బాజీ దగ్గర మీటరు అరువు తెచ్చుకుని, ముందు రైతు బోరు నీళ్ళలో ముంచాడు. "ఏందయ్యా ఇది, మందు కలపమంటే జ్వరం చూస్తున్నావ్?" అని రైతు ఒకటే గొణుగుడు. కలిపాక ట్యాంకు వైపు చూస్తూ నిలబడ్డాడట, కొసరు కోసం. "చాల్లే బాబూ, దానికి సరిపోయింది" అని మా ఆయన మూత బిగించాడట. ఈ సంగతి ఆయన అన్నం తింటూ రెండుసార్లు చెప్పాడు.

మొన్న శనివారం ఇద్దరం డాబా మీదికి వెళ్ళాం. మందు వెయ్యాల్సిన వారమే. ఎండలు ముదిరాయి, వారమంతా వడగాలి. నేను డబ్బాలో నాలుగు లీటర్లు కొలిచి పెట్టాను, చెంచా కడిగి తుడిచాను. ఆయన సాలు వెంబడి ఈ చివర్నించి ఆ చివరికి నడిచాడు. నీరసమైన మొక్క దగ్గర ఆగాడు. దాని పిలక ఇప్పుడు జానెడైంది, రెండాకులు విప్పింది. ఆకులు ఎండకి కాస్త వడిలి ఉన్నాయి.

"దప్పికతో ఉన్నయ్. ఇయ్యాళ మందొద్దు" అన్నాడు. "ఉత్త నీళ్ళు పోద్దాం."

కింద నుంచి టీచరమ్మ కేకేశారు. "అంకయ్యా, మందు వేశావా?"

"లేదండీ!"

"ఏం, మర్చిపోయావా?"

"మర్చిపోలేదండీ. చూసే ఆపాను."

నేను పొట్లం మడత విప్పకుండా షెల్ఫులో పెట్టేశాను. చెంబుతో నీళ్ళు పోస్తుంటే ఆయన కుండల్ని ఒక్కోటీ నావైపు తిప్పి పట్టుకున్నాడు.